బుడ్డి పగిలిన రోజు

సుజన చేసే ఉద్యోగం ఏమిటని ఊళ్లో ఎవరైనా అడిగితే ఆమె తల్లి దేవకమ్మ ఒక్క ముక్కలో తేల్చేసేది.

"పైకి పొయ్యే సామాన్లు ఉంటాయి గదమ్మా, చంద్రుడి కాడికీ ఆడికీ పొయ్యేవి. వాటిని మా పాప కొడతాది. పగలకుండా నిలబడితే పంపిస్తారంట. పగిలితే మళ్లీ చేస్తారంట."

విన్నవాళ్లు నవ్వేవాళ్లు. మాటలో మాత్రం తప్పేమీ లేదు. రాకెట్టు ఎక్కిన వస్తువు పైకి చేరేలోపు పడే హింస ఇంతా అంతా కాదు. ఆ హింసంతా ముందుగా నేల మీదే పెట్టి చూడాలి. కెమెరా అయినా, ఇంధనం ట్యాంకు అయినా, అరచేతిలో పట్టే చిన్న పెట్టె అయినా, సుజన ముందుకు వచ్చిందంటే దాన్ని ఇనుప బల్లకు బిగించి, బోల్టులు కేకలు పెట్టేదాకా ఊపేది. మంచుకన్నా చల్లటి గదిలో ఉంచి, తీసీ తీయగానే ఉడికించేది. సమ్మెటతో కొట్టినంత అదురు ఇచ్చేది. దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు పక్కన నిలబడి, చంటిబిడ్డకు సూది వేయిస్తున్న తల్లుల్లా మొహాలు పెట్టేవాళ్లు. సుజనకు అలాంటి బాధ ఉండేది కాదు. ఆమె మెత్తని మనిషి కాదు. మెత్తగా పెరగలేదు.

మర్రిపాడు మండలంలో బద్వేలు రోడ్డు పక్కన వాళ్ల ఊరు. తండ్రి పెంచలనరసయ్యకు గొర్రెలే ఆస్తి. సుజన హైస్కూల్లో చేరిన ఏడు, ఒక మధ్యాహ్నం మంద దారి తప్పి రామనారాయణ వేరుశనగ చేలో పడింది. రామనారాయణ ఆ చుట్టుపక్కల అందరికన్నా పెద్ద రైతు. సర్పంచి ఎవరన్నది ఆయన ఇంటి వరండాలోనే తేలేది. ఆయన మనుషులు పెంచలనరసయ్యను బోరింగు పంపుకు కట్టేసి, గొర్రెలకు ఆకు దూసే దోటికర్రనే లాక్కుని దాంతోనే కొట్టారు. కర్ర విరిగాక కాళ్లతో తన్నారు. సుజన పరిగెత్తుకుంటూ వచ్చి ఒకడి ముంజేతిని కొరికింది. వాడు విదిలించి కొట్టిన దెబ్బకు ఆమె ముందు పన్ను ఊడి మట్టిలో పడింది. చిన్నాన్న కొడుకు కేశవ ఆమెకన్నా చిన్నవాడు. అక్క పావడా పట్టుకుని ఒకటే ఏడుపు.

ఆ దెబ్బలకు పెంచలనరసయ్య ఎడమ చెయ్యి భుజం పైకి లేవకుండా పోయింది. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఆయన లేచే చెయ్యి ఒక్కటే నుదుటికి ఆనించి, "పోనీలెండయ్యా, జరిగిందేందో జరిగిపాయె" అన్నాడు. సుజన చాలా రోజులు తండ్రితో మాట్లాడలేదు. కొట్టినవాళ్లమీద వచ్చినంత కోపం ఆ మాటమీద కూడా వచ్చింది ఆ పిల్లకు.

కోపంతోనే చదివింది. ఆత్మకూరు హాస్టల్లో ఉండి ఇంటర్, నెల్లూరులో ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉపగ్రహాలకు పరికరాలు చేసిపెట్టే ఒక కంపెనీలో చేరి బెంగళూరు వెళ్లింది. ఊరి మధ్య చేయకూడని పరీక్షలు కొన్ని ఉంటాయి. వాటికోసం కంపెనీ ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య, కొండ కింద రాళ్ల నేలలో ఒక యార్డు కట్టాలనుకుంది. నేను పోతానని సుజన తనే అడిగింది. ఆ ఎండ, ఆ తుమ్మచెట్లు, ఆ మాట ఆమెకు అలవాటు. అంతకుమించి పెద్ద కారణమేమీ లేదు.

గొడవ గోడతో మొదలైంది.

పీడనం పరీక్షలు చేసే గుంత చుట్టూ మూడు వైపులా మందపాటి కాంక్రీటు గోడ కట్టాలి. లోపల ఏదైనా పేలితే ఆ ముక్కల్ని ఆపేది ఆ గోడే. ఆ పని రామనారాయణ కొడుకు భరత్‌కు దక్కింది. తెల్లటి కారు, మెడలో లావుపాటి గొలుసు, చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు మనుషులు, ఇదీ భరత్ అంటే. గోడ లేచింది. సుజన దాన్ని సుత్తితో తట్టి చూసింది, డ్రిల్లుతో ముక్క తీసి చూసింది. ముక్క వేళ్ల మధ్య రాలిపోయింది.

"ఇది నిలబడదు భరత్‌గారూ. పగలగొట్టి మళ్లీ కట్టాల" అంది.

భరత్ కూలీల వైపు తిరిగి నవ్వాడు. "చూసినారంట్రా? గొర్రెలోళ్ల పిల్ల నా గోడకి పేరు పెడతా ఉండాది. పెంట ఎత్తే చేతులకి కాంక్రీటు సంగతేం తెలుస్తాదమ్మే?"

పక్కన పనిచేస్తున్న మేస్త్రీ చేతిలోంచి సుజన సమ్మెట తీసుకుని, రెండు చేతులా ఎత్తి గోడ మూలన వేసింది. రెండో దెబ్బకు బుట్టెడు కాంక్రీటు ఊడి భరత్ బూట్ల మీద పడింది. కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. భరత్ మొహం మాడిపోయింది. పని వేరే కాంట్రాక్టరుకు పోయింది. పని పోయినందుకు భరత్ పెద్దగా బాధపడ్డాడో లేదో గానీ, ఆ నవ్వును మాత్రం మరిచిపోలేదు.

ఆ తర్వాత యార్డుకు కంచె పడింది. ఆ నేల మీదుగా గొర్రెల్ని కొండకు తోలుకుపోయే దారి ఒకటి ఉండేది. కంచె పక్కనే దారి వదలమని సుజన కంపెనీ వాళ్లతో గట్టిగా పోట్లాడి వదిలించింది. కానీ అది చుట్టుదారి. కాపర్లకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదేనని ఆమెకూ తెలుసు.

ఆ ఏడు వానలు బాగా పడి కొండ కింద పచ్చిక ఒక్కసారిగా లేచింది. లేత గడ్డి ఆబగా మేసిన గొర్రెపిల్లలు ఉన్నట్టుండి ఎగిరిపడి, కాళ్లు కొట్టుకుని చచ్చిపోసాగాయి. కేశవ మందలో పిల్లలన్నీ వరసగా పోయాయి. అతను కంచె దగ్గరకు వచ్చి నిలబడి అక్కను పిలిచాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి ఉన్నాడు.

"అక్కా, మీరు లోపల వదిలే గ్యాసుకేనంట గదా మా పిల్లలు చస్తుండేది?"

"ఎవుర్రా చెప్పింది నీకు? అది లేత గడ్డి ఎక్కువ మేస్తే వచ్చే చిటుక రోగం. వానలకి ముందే సూదులేయించమని చెప్పినానా లేదా? మేం వాడేది నైట్రోజన్. నువ్వు పీల్చే గాలిలో ఉండేదే అది."

"భరతన్న చెప్పినాడు. పేపర్లు గూడా చూపించినాడు."

"నీకు ఇంగ్లీషు చదవొచ్చా? భరత్ చూపిస్తే నమ్మేస్తావా? మీ పెదనాయన్ను బోరింగుకి కట్టేసింది ఎవురో మరిచిపోయినావా?"

కేశవ కంచె తీగను ఒక్క గుంజు గుంజాడు. "అందురూ నన్ను ఎర్రోణ్ణి జేసే మాటలే చెప్తారు" అని వెళ్లిపోయాడు. సుజన అతన్ని వెనక్కి పిలవాల్సింది. లోపల ఊపి చూసే షేకర్ బల్ల మీద కెమెరా పెట్టి ఉంది, పని ఆగిపోతుందని పిలవలేదు.

పది రోజులు గడిచాక ఆ ఉదయం వచ్చింది.

ఆ రోజు గుంతలో ఉన్నది ఒక గ్యాస్ ట్యాంకు. గుమ్మడికాయంత ఉంటుంది, నల్లగా నిగనిగలాడుతుంది. లోపల పలచటి టైటానియం పొర, దానిమీద చుట్టూ గట్టిగా చుట్టిన కార్బన్ దారం. ఉపగ్రహంలో ఇంధనాన్ని ఇంజను వైపు నెట్టడానికి అలాంటిది ఒకటి ఉంటుంది. యార్డులో అందరూ దాన్ని బుడ్డి అనేవాళ్లు. నీళ్లతో చేసే పరీక్ష అంతకుముందే అయిపోయింది. నీళ్లు నింపినప్పుడు పగిలినా పెద్ద ప్రమాదం లేదు. గ్యాసు అలా కాదు. లారీ టైరులో ఉండే గాలికన్నా నలభై రెట్లు బిగించిన నైట్రోజన్ ఆ గుమ్మడికాయలో కూర్చుని ఉంది. అది లోపల ఉన్నంతసేపు గుంత దగ్గరకు ఎవరూ పోకూడదు. సైరన్ మోగించి, ఎర్ర జెండా ఎత్తి, గోడకు ఇవతల కంట్రోల్ రూములో కూర్చుని సుజన, శ్రీకాంత్ స్క్రీన్ చూస్తున్నారు. శ్రీకాంత్ ఆమె తోటి ఇంజనీరు. నెల్లూరువాడు, కొత్తగా పెళ్లయినవాడు.

ముందు జేసీబీ చప్పుడు వినిపించింది. తర్వాత గేటు విరిగిన చప్పుడు. భరత్ మనుషుల్నీ కాపర్లనూ వెంటేసుకుని జేసీబీ లోపలికి వస్తూనే కరెంటు స్తంభాన్ని కూల్చేసింది. లైట్లు పోయాయి, కెమెరాలు పోయాయి, స్క్రీన్లు నల్లబడ్డాయి.

కరెంటు పోతే బుడ్డికి ఉన్న వాల్వు దానంతట అదే తెరుచుకోవాలి. గ్యాసంతా గొట్టంలోంచి పెద్ద ఈలతో బయటికి పోవాలి. అందుకే దాన్ని అలా అమర్చారు. సుజన చెవులు రిక్కించింది. ఈల రాలేదు. పాము బుస లాంటి సన్నటి చప్పుడు మాత్రం వచ్చింది. కిటికీలోంచి చూసింది. గ్యాసు పోవాల్సిన గొట్టం మీదుగా జేసీబీ చక్రం ఎక్కి దిగింది. గొట్టం రేకులా అణిగిపోయి ఉంది. బుడ్డి ఖాళీ కావడం లేదు.

"చెప్పొస్తాను, మనుషులే గదా, చెబితే ఇంటారు" అంటూ శ్రీకాంత్ చేతులు పైకెత్తి బయటికి పరిగెత్తాడు. "దగ్గరికి రావొద్దు! లోపల ప్రెషర్ ఉండాది!" అని అరిచాడు. భరత్ మనుషులు అతన్ని నోరు తెరవనివ్వలేదు. ఒకడు కర్రతో మోకాలి మీద కొట్టాడు. కింద పడ్డాక ఇంకొకడు ఇటుకతో తలమీద వేశాడు. శ్రీకాంత్ కాలు మోకాలి కింద పక్కకు వంగిపోయింది. అతను పెట్టిన కేక మనిషి గొంతులా లేదు.

సుజన బయటికి వచ్చేసరికి భరత్ గోడ మీదికెక్కి నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు. కాపర్లు కొందరు గేటు దగ్గరే ఆగిపోయారు. గుంతలోకి దిగింది కేశవ ఒక్కడే. అతని చేతిలో గడ్డపార ఉంది.

"ఇదేనా అన్నా? దీంట్లోనేనా మా పిల్లల్ని చంపిన గ్యాసు ఉండేది?"

"అదేరా! ఏస్కో!" అన్నాడు భరత్ పైనుంచి.

"కేశవా, వద్దురా!" సుజన అరుస్తుండగానే గడ్డపార బుడ్డి మీద పడింది. చెక్కమీద కొట్టినట్టు మొద్దు చప్పుడు వచ్చింది. ఏమీ కాలేదు. గీత కూడా పడలేదు. గోడ మీద భరత్ నవ్వాడు. "దీనికా సైరన్లూ జెండాలూ?"

సుజన గుంతవైపు పరిగెత్తింది. కార్బన్ దారానికి దెబ్బ తగిలితే పైకి కనపడదు. లోపల దారాలు తెగుతాయి. తెగని వాటిమీద భారం పెరుగుతుంది, అవీ తెగుతాయి. అది ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆమె గుంత అంచుకు చేరేసరికి ఆ చప్పుడు వినిపించింది. పెనం మీద ఉప్పుకళ్లు చిటపటలాడినట్టు ఒకటి, కాసేపాగి ఇంకొకటి.

ఆమె గుంతలోకి దూకింది.

"రేయ్, పరిగెత్తు! పగలబోతా ఉండాది. చిటపటమంటా ఉండేది వినపళ్లా?"

"పగలనీ. దానికోసమే గదా వచ్చినాను."

ఆమె అతని చొక్కా పట్టి లాగింది. అతను కదల్లేదు, ఒక్క తోపు తోశాడు. ఆమె వెల్లకిలా గోడకు కొట్టుకుంది. చిటపట ఈసారి ఆగకుండా వచ్చింది. వదిలేసి పోదామని ఆమెకు ఆ క్షణంలో అనిపించింది. కాళ్లు అప్పటికే మెట్లవైపు తిరిగాయి. గొట్టం స్టాండు మీద పెద్ద స్పానర్ కనపడింది. దాన్ని అందుకుని, తిరిగి, తమ్ముడి మొహం మీద బలమంతా పెట్టి కొట్టింది. అతని పెదవి చీలి, పళ్లు రాలి, రక్తం గడ్డం మీదుగా కారింది.

"నీ గొర్రెపిల్లల్ని చంపింది నేనేరా! కావాలనే గ్యాసు వదిలి చంపినాను. ఏం జేస్తావో చెయ్యి, రా!"

అలా అని మెట్లెక్కి పరిగెత్తింది.

కేశవ గొంతులోంచి గేదె అరుపులాంటి కేక వచ్చింది. గడ్డపార పట్టుకుని ఆమె వెంట పడ్డాడు. ఆమెకు కావలసింది అదే. గోడ పక్కగా పరిగెడుతూ తలెత్తి, "భరత్, దిగు! పగలబోతా ఉండాది, దూకు!" అని అరిచింది. భరత్ ఫోను ఆమెవైపు తిప్పాడు. అన్నదమ్ముల బిడ్డలు కొట్టుకోవడం అతనికి మంచి వినోదంగా ఉంది.

గోడ వెనక ఎత్తుగా పోసిన మట్టికట్ట ఉంది. సుజన దాని అవతలికి దూకేసరికి కేశవ అందుకున్నాడు. మొదటి దెబ్బకు అడ్డుపెట్టిన ఎడమ చెయ్యి విరిగింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. రెండో దెబ్బ మెడ పక్కన ఎముక మీద పడింది. ఆమె మోకాళ్లమీద కూలబడి, లేచి పారిపోకుండా అతని నడుముకు కుడిచెయ్యి చుట్టి మట్టిలోకి లాగింది. అతను ఆమె వీపుమీద గుద్దుతున్నాడు, జుట్టు పట్టి తల నేలకేసి కొడుతున్నాడు, మధ్యమధ్యలో ఏడుస్తున్నాడు. "ఎందుకు చంపినావక్కా, అవేం చేసినాయి నిన్ను" అంటున్నాడు. ఆమె విడవలేదు. గడ్డపార మూడోసారి లేచింది.

అప్పుడు బుడ్డి పగిలింది.

అది చప్పుడుగా వినపడలేదు. నేల ఛాతీని కొట్టినట్టు అయింది. మట్టికట్ట పైభాగం లేచి వాళ్లమీద పడింది. ఆకాశంలోంచి చాలాసేపు రాళ్లూ ఇనుప ముక్కలూ నల్లటి దారం పేలికలూ రాలాయి. తర్వాత ఏమీ వినపడలేదు. సుజన ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది. కేశవ ఆమె మీద పడి, రెండు చేతులూ తలకు చుట్టుకుని, వాన జోరులో తడిసిన గొర్రెలా వణుకుతున్నాడు.

గోడ నిలబడింది. దానిమీద నిలబడినవాడు నిలబడలేదు. బుడ్డి మెడ దగ్గరి లోహపు ముక్క భరత్ ఛాతీలోంచి దూసుకుపోయింది. అతను జేసీబీ పక్కన పడి ఉన్నాడు. ఫోను నుగ్గయిపోయింది.

ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి సుజన గది బయట ఆడ కానిస్టేబులు కూర్చుని ఉంది. ఆమెకు రక్షణగా కాదు. సుజన ముద్దాయి.

రామనారాయణ కంప్లయింటు ఇచ్చాడు. గోడ గొడవ మనసులో పెట్టుకుని, తన కొడుకును చూసి ఆ పిల్ల కావాలనే స్విచ్చి నొక్కి ట్యాంకు పేల్చిందన్నాడు. జేసీబీ డ్రైవరూ ఇంకో ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. "చంపింది నేనే అని ఆమె నోటితోనే అనింది, చెవులారా విన్నాం" అన్నారు. ఆ మాట ఆమె అన్నదే, గొర్రెపిల్లల గురించి. కరెంటు పోయాక కెమెరాల్లో ఏమీ లేదు. శ్రీకాంత్ బతికాడు గానీ, తల మీద దెబ్బకు ఆ ఉదయం సంగతి ఏదీ అతనికి గుర్తులేదు. గుంతలో ఏం జరిగిందో తెలిసినవాడు కేశవ ఒక్కడే. కేశవ కనపడలేదు. రామనారాయణ అతన్ని కలువాయి దగ్గర తన తోటలో దాచిపెట్టాడు. అక్కే పిల్లల్ని చంపిందని నమ్మి అతనూ అక్కడే ఉండిపోయాడు.

పెంచలనరసయ్య వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. కూతురి చేతికి, మెడకు కట్టిన కట్లను వేళ్లతో తడిమాడు.

"రామనారాయణ పిలిపించినాడు పాపా. పొరపాటున పేలిందని నువ్వు రాసిస్తే కేసు చిన్నదిగా జేపిస్తానన్నాడు."

"నువ్వేమన్నావు నాయనా?"

"ఏమీ అన్లేదు. లేచి వచ్చేసినాను." ఆయన కూతురి నోటివైపు చూశాడు. "నీకు పన్ను ఊడిన రోజున గూడా నేను అట్ట లేచి రావాల్సింది."

సుజన కుడిచేత్తో ఆయన పని చేయని భుజాన్ని పట్టుకుంది. తండ్రీకూతుళ్లు ఆ సంగతి మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

ఆయన లేచి వచ్చినందుకు జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఆడవాళ్లు నీళ్లకు పోయిన సమయంలో మోటారు సైకిళ్ల మీద వచ్చినవాళ్లు గొర్రెల దొడ్డికి కిరసనాయిలు చల్లి అంటించారు. ఈనిన గొర్రెలు, కుంటివి, పసిపిల్లలు లోపల ఉన్నాయి. దొడ్డి తలుపుకు బయటినుంచి తీగ చుట్టారు. పెంచలనరసయ్య ఒంటిచేత్తో ఆ తీగ విప్పాడు. కాలిన తీగ అరచేతిలో దిగబడింది. ఉన్ని అంటుకున్న గొర్రెలు ఆయన్ను తొక్కుకుంటూ బయటికి వచ్చి, మంటలతోనే వీధిలో పరిగెత్తి పడిపోయాయి. లోపల మిగిలిన వాటి అరుపులు చూరు కూలేదాకా వినపడ్డాయి. దేవకమ్మ మొగుణ్ణి కాళ్లు పట్టి బయటికి ఈడ్చింది. ఆయన మొహం ఒకవైపు కాలిపోయింది.

కాల్చి వచ్చినవాళ్లు ఆ సాయంత్రం కలువాయి తోటలో చేతులు కడుక్కుంటూ కూర్చున్నారు. ఒంటినిండా కిరసనాయిలు వాసన. కేశవ వాళ్లకు కూడు వడ్డిస్తున్నాడు. వాళ్లలో ఒకడు, ముసలోడు తీగ ఎట్టా పీకినాడో చేతులు తిప్పి చూపించాడు. మిగిలినవాళ్లు నవ్వారు. ఎవరి దొడ్డి అని కేశవ అడిగాడు. చెప్పారు.

ఆ ఇంట్లో తిని పెరిగినవాడు కేశవ. చేతిలో ఉన్న కూర గిన్నెతో, ఆ చేతులు తిప్పి చూపించినవాడి మొహం పగలగొట్టాడు. వేడి పులుసు వాడి కళ్లలో పడింది. మిగిలినవాళ్లు లేచేలోపు ముళ్లకంచె దూకాడు. వాళ్లు వెంటపడి ఒకచోట పట్టుకుని కత్తితో వీపున గీశారు కూడా. తప్పించుకుని రోడ్డెక్కి, చేజర్ల మీదుగా ఎవరి లారీనో ఎక్కి, రక్తం కారుతూ ఆత్మకూరు పోలీస్ స్టేషన్‌లోకి వచ్చి నిలబడ్డాడు.

"బుడ్డిని గడ్డపారతో కొట్టింది నేను సార్. మా అక్క కాదు."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. "ఏం చెప్తా ఉండావో తెలుసా నీకు? మనిషి పోయినాడు. నువ్వు లోపలికి పోతావు."

"తెలుసు సార్. రాసుకోండి."

కేసు నెల్లూరు కోర్టులో నడిచింది. సుజన ముద్దాయి నుంచి సాక్షిగా మారింది. రామనారాయణ తరఫు వకీలు ఆమెను బోనులో నిలబెట్టి గట్టిగానే అడిగాడు.

"ముందు కొట్టింది ఎవరు? మీరా, కేశవా?"

"నేనే."

"దేంతో?"

"స్పానర్‌తో. మొహం మీద."

"చంపాలనే కొట్టారా?"

"చంపాలంటే అక్కడే వదిలిపెట్టి వచ్చేదాన్ని. నా వెంట పరిగెత్తాలని కొట్టినాను. మంచిగా చెబితే ఇన్లేదు."

"గొర్రెపిల్లల్ని మీరే చంపానని ఎందుకన్నారు?"

"అది తప్ప వాడికి ఇంకేదీ అంత కోపం తెప్పించదు."

వకీలు కాయితం తిప్పి, "మరి భరత్‌కోసం ఎందుకు ఆగలేదు?" అన్నాడు.

ఈ ప్రశ్న సుజన తనకు తాను చాలాసార్లు వేసుకున్నదే. "అరిచినాను. దిగలేదు. రెండోసారి అరిచేదానికి నా దగ్గర సమయం లేదు" అంది. గొంతు గట్టిగానే ఉంది. బోను దిగాక మాత్రం వరండా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. భరత్ అంటే ఆమెకు అసహ్యం. అయినా గోడ మీద ఫోను పట్టుకుని నవ్వుతున్న ఆ మొహం కళ్లముందునుంచి పోవడం లేదు.

దాడి చేసినవాళ్లకూ దొడ్డి కాల్చినవాళ్లకూ శిక్షలు పడ్డాయి. కేశవకూ పడింది, తనంతట తాను వచ్చి ఒప్పుకున్నందుకు కొంత తక్కువగా. పంపింది రామనారాయణే అని ఎవరూ నోరు విప్పలేదు. ఆయనమీద కేసు నిలవలేదు. ఆయన ఇప్పటికీ ఆ వరండాలోనే కూర్చుంటాడు. ఎదురుగా కొడుకు ఫోటో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చేవాళ్లు తగ్గారు గానీ బొత్తిగా ఆగిపోలేదు.

సుజన విరిగిన చేతి ఎముకకు ఇనుప పట్టీ వేశారు. ఎడమ చెవికి వినికిడి పోయింది. కంపెనీ వాళ్లు బెంగళూరు వచ్చేయమన్నారు. ఆమె ఉదయగిరి యార్డుకే తిరిగి వెళ్లింది. మొదటి రోజు జేసీబీ చప్పుడు ఏదో రోడ్డుమీద వినపడితే బల్ల కిందికి దూరబోయి, ఎవరూ చూడలేదని తెలిసి లేచింది. శ్రీకాంత్ కర్ర పట్టుకుని నడుస్తూ కొన్నాళ్లకు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. గ్యాసు పోయే గొట్టాన్ని ఈసారి నేలలో లోతుగా పాతి, దానికి తోడు ఇంకొకటి వేశారు. కొత్త బుడ్డి వచ్చింది. ఇద్దరూ దాన్ని పెట్టాల్సిన హింసంతా పెట్టారు. అది నిలబడింది. ఉపగ్రహంలో ఎక్కి పైకి పోయింది.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆమె జైలుకు వెళ్లింది. జాలీకి అవతల కేశవ కూర్చున్నాడు. పళ్లు పోయిన చోట నోరు లోపలికి పోయి, ఆ వయసుకే ముసలి మొహం వచ్చింది.

"పెదనాయన ఎట్టుండాడు?" అన్నాడు ముందు.

"ఒక కన్ను మసక. నాలుగు గొర్రెలు కొన్నాడు మళ్లీ. వద్దన్నా ఇన్లేదు."

కేశవ తలూపాడు. "కొత్త బుడ్డి పోయిందా పైకి?"

"పోయింది."

"నా ఒక్క దెబ్బకే పగిలింది గదా. పైన ఏ రాయో తగిలితే?"

"పగులుతాది."

అతను నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెనక వరసలో ఎవరి తల్లో బిగ్గరగా ఏడుస్తోంది.

"ఆ పొద్దు నన్ను వదిలేసి పోయుండొచ్చు గదక్కా."

"పోదామనే అనుకున్నాను" అంది సుజన. "మెట్ల దిక్కు తిరిగినాను గూడా."

కేశవ ఆమెవైపు చూశాడు. కోపగించుకోలేదు. "నా పళ్లు మాత్రం గట్టిగా రాలగొట్టినావు" అన్నాడు.

"డాక్టరుతో మాట్లాడినాను. బయటికి రాగానే కట్టిస్తా."

వార్డరు టైమయిపోయిందని కర్రతో బల్లమీద కొట్టాడు. ఆ చప్పుడుకు అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. తర్వాత కేశవ లేచి లోపలికి వెళ్లాడు. సుజన బయటికి వచ్చి, ఆత్మకూరు బస్సెక్కి, వినపడే చెవి కిటికీ వైపు ఉండేలా కూర్చుంది.